లైసెన్సు ఉన్న గంజాయి దుకాణానికి స్ట్రక్చర్డ్ డేటా: స్థానిక సెర్చ్‌లో కనబడేందుకు సమగ్ర మార్గదర్శి

స్ట్రక్చర్డ్ డేటా అంటే పేజీలోని వివరాలను సెర్చ్ యంత్రాలకు అర్థమయ్యే నిర్ణీత రూపంలో తెలిపే కోడ్; దీన్నే స్కీమా అనీ, మార్కప్ అనీ అంటారు. కాలిఫోర్నియాలో లైసెన్సుతో నడిచే గంజాయి దుకాణాల వెబ్‌సైట్ల పని చూసే తెలుగువారు, అక్కడే ఉండే డెవలపర్లైనా, హైదరాబాదు నుంచి ఏజెన్సీల తరఫున పనిచేసే సెర్చ్ నిపుణులైనా, మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. స్కీమా పెట్టాం, పరీక్షలో తప్పులేవీ రాలేదు, అయినా చుట్టుపక్కల వెతికేవారికి దుకాణం ఎందుకు కనబడటం లేదు? అలాంటి సైట్లను తెరిచి చూస్తే సాధారణంగా రెండు లోపాలు బయటపడతాయి. గూగుల్ అనుమతించని మార్కప్ మీద శ్రమ అంతా ఖర్చయి ఉంటుంది. దుకాణం ఎక్కడుంది, ఎప్పుడు తెరుస్తారు, ఎవరిది అన్న ప్రాథమిక వివరాలు మాత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి.

ఓక్లాండ్‌లో ఒకే చిరునామాలో నడిచే ఒక నమూనా దుకాణాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ దశలను రాశాను. మీ దుకాణం వేరే రాష్ట్రంలో ఉంటే పని వేళలు, వయోపరిమితి, ప్రకటనల నియమాలు ఆ రాష్ట్రానివి చూసుకోవాలి. భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అమ్మకం నేరం కాబట్టి ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఏ వ్యాపారానికీ సంబంధించినది కాదు.

1. మొదట హద్దులు తెలుసుకోండి

స్ట్రక్చర్డ్ డేటా పెట్టినంత మాత్రాన దుకాణం స్థానిక ఫలితాల్లో పైకి రాదు. మ్యాప్‌తో వచ్చే ఫలితాల క్రమానికి మూడు అంశాలు ఆధారమని గూగుల్ చెబుతుంది: వెతికిన మాటకు దుకాణం ఎంత సంబంధించినది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరు ఉంది. మార్కప్ చేసే మేలు వేరే రకంగా ఉంటుంది. మీ సైట్‌లోని దుకాణం, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోని (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో కనబడే వ్యాపార వివరాల పేజీలోని) దుకాణం, వీడ్‌మ్యాప్స్, లీఫ్‌లీ వంటి డైరెక్టరీల్లోని దుకాణం ఒక్కటేనని సెర్చ్ యంత్రానికి సందేహం లేకుండా తెలుపుతుంది. అమెరికాలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే పదార్థం) ఉన్న సరుకుకు గూగుల్ యాడ్స్ ప్రకటనలు తీసుకోదు కనుక, డబ్బు పెట్టి కొనలేని ఈ కనబడటం మీదనే ఇలాంటి దుకాణాలు ఆధారపడవలసి వస్తుంది.

రెండో హద్దు ఈ రంగానికే సంబంధించినది. ప్రాడక్ట్ మార్కప్ (అమ్మే సరుకుల వివరాలు తెలిపే కోడ్) మార్గదర్శకాల్లో గూగుల్ తుపాకులు, వినోదం కోసం వాడే మత్తుపదార్థాలు, పొగాకు, వేపింగ్ ఉత్పత్తులు, జూదానికి సంబంధించిన వస్తువులను ప్రోత్సహించే కంటెంటును అనుమతించమని స్పష్టంగా రాసింది. రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ నియమం సడలదు. అందువల్ల గంజాయి మొగ్గలకు, గమ్మీలకు, వేప్ కార్ట్రిడ్జ్‌లకు ధర, నిల్వ, రేటింగ్‌లతో ప్రాడక్ట్ మార్కప్ రాసి సెర్చ్ ఫలితాల్లో ధరలు కనబడతాయని ఎదురుచూడటం వృథా. క్లయింటు పట్టుబట్టినా ఈ మాట ముందే చెప్పి ఒప్పించండి. తరువాత వివరణ ఇవ్వడం కంటే అది సులువు.

మూడోది రేటింగ్ నక్షత్రాలు. మీ దుకాణం గురించి మీ సైట్‌లోనే పెట్టుకున్న సమీక్షలకు, అవి వేరే సంస్థ విడ్జెట్ ద్వారా వచ్చినవైనా సరే, లోకల్ బిజినెస్, ఆర్గనైజేషన్ అనే మార్కప్ రకాల్లో గూగుల్ 2019 సెప్టెంబరు నుంచి నక్షత్రాలు చూపడం లేదు. ఎఫ్ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నల) ఫలితాలను 2023లో పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ప్రశ్నలూ జవాబులూ పాఠకుల కోసం పేజీలో తప్పక రాయండి, కాని వాటి మార్కప్‌కు పని గంటలు కేటాయించకండి.

2. సన్నాహం: వివరాలన్నీ ఒకే పత్రంలో

కోడ్ రాయకముందే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి దుకాణం వివరాలను రాసి, యజమాని చేత గాని మేనేజరు చేత గాని సరిచూపించండి. తొందర ఉన్నవారు దాటేసే దశ ఇదే, ఎక్కువ ఫలితమిచ్చే దశ కూడా ఇదే. తరువాత వచ్చే ప్రతి వివరం ఈ పత్రం నుంచే తీసుకోవాలి.

☐ దుకాణం బోర్డు మీద ఉన్న పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండా
☐ లైసెన్సు మీద ఉన్న చట్టబద్ధమైన పేరు (బోర్డు పేరుకు వేరైతే)
☐ వీధి చిరునామా, సూట్ సంఖ్యతో సహా, అమెరికా తపాలా శాఖ రాసే పద్ధతిలో
☐ దేశ సంకేతంతో స్థానిక ఫోన్ నంబరు
☐ వారంలో ప్రతి రోజు తెరిచే, మూసే వేళలు, సెలవు దినాలు
☐ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్నబిస్ కంట్రోల్ (కాలిఫోర్నియా గంజాయి నియంత్రణ విభాగం) ఇచ్చిన లైసెన్సు సంఖ్య, గడువు తేదీ
☐ డెలివరీ ఉంటే, నిజంగా వెళ్లే నగరాల జాబితా
☐ చెల్లింపు పద్ధతులు (నగదు, డెబిట్ కార్డు వంటివి)
☐ దుకాణం బయటి, లోపలి ఫోటోలు
☐ గూగుల్ మ్యాప్స్ లింకు, డైరెక్టరీ పేజీల లింకులు, సోషల్ మీడియా ఖాతాలు

తరువాత ఈ పత్రాన్ని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పోల్చండి. అక్కడ ప్రధాన వర్గం కన్నబిస్ స్టోర్‌గా ఉందో లేదో చూడండి. పేరులో బోర్డు మీద లేని మాటలు, ఉదాహరణకు నగరం పేరో, బెస్ట్ డిస్పెన్సరీ (అమెరికాలో గంజాయి దుకాణానికి వాడే మాట) అనో చేర్చి ఉంటే తీసివేయించండి. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. ప్రొఫైల్‌లో ఒకటి, సైట్‌లో ఒకటి, డైరెక్టరీలో ఒకటి ఉన్నప్పుడు మార్కప్ రాస్తే, మూడు మాటలకు నాలుగో మాట చేర్చినట్టే అవుతుంది. ముందు అన్నీ ఒక్కటి చేయండి, ఆ తరువాతే కోడ్.

అమెరికాలో వీసా మీద ఉన్నవారికి ఒక మాట. గంజాయి ఫెడరల్ చట్టం కింద ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. రాష్ట్ర చట్టం అనుమతించిన కార్యకలాపాలైనా ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘిస్తే పౌరసత్వ దరఖాస్తులో అడ్డంకి కావచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో మార్గదర్శకం ఇచ్చింది. ఇలాంటి క్లయింటు పని ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించండి.

3. ఏజ్ గేట్, మెనూ అడ్డంకులు తొలగించండి

మార్కప్ ఎంత చక్కగా ఉన్నా, గూగుల్ తరఫున పేజీలను చదివే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ ఆ పేజీ దాకా చేరకపోతే ప్రయోజనం లేదు. డిస్పెన్సరీ సైట్లలో ఈ అడ్డంకి ఎక్కువగా వయసు అడిగే తెర (ఏజ్ గేట్) దగ్గరే ఉంటుంది.

సైట్ తెరవగానే సర్వర్ అందరినీ వయసు అడిగే వేరే పేజీకి మళ్లిస్తే, గూగుల్‌బాట్ అక్కడే ఆగిపోతుంది. అది బటన్లు నొక్కదు, కుకీలను గుర్తుపెట్టుకుని తిరిగి రాదు. అప్పుడు సైట్‌లోని పేజీలన్నీ దానికి ఒకే పేజీలా కనబడతాయి. సరైన పద్ధతి ఏమిటంటే, అసలు పేజీని దాని చిరునామాలోనే పూర్తిగా పంపి, వయసు అడిగే తెరను దాని మీద పొరలా చూపడం. మనుషులకు తెర కనబడుతుంది, కింద ఉన్న పాఠ్యం, మార్కప్ మాత్రం హెచ్‌టీఎమ్ఎల్‌లోనే ఉంటాయి.

పరీక్షించడం సులువు. సెర్చ్ కన్సోల్‌లోని (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనంలోని) యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో దుకాణం పేజీ చిరునామా ఇచ్చి లైవ్ టెస్ట్ నడిపి, అది చూపే హెచ్‌టీఎమ్ఎల్‌లో మీ వీధి చిరునామా కోసం వెతకండి. కనబడకపోతే, ఏజ్ గేట్ సరిచేసేవరకు మిగిలిన దశలకు వెళ్లకండి.

రెండో అడ్డంకి మెనూ. డచ్చీ, జేన్ వంటి సేవల మెనూను ఐఫ్రేమ్‌గా అతికిస్తే, ఆ సరుకుల పాఠ్యం వేరే డొమైన్ నుంచి వస్తుంది కనుక దాన్ని మీ పేజీ కంటెంటుగా లెక్కపెట్టుకోలేం. దుకాణం పేజీలో పేరు, చిరునామా, వేళలు, దారి వివరాలు, పార్కింగ్, తెచ్చుకోవలసిన గుర్తింపు కార్డు గురించి మీ సొంత పాఠ్యం ఉండాలి. మెనూ ఒక్కటే ఉన్న పేజీకి మార్కప్ పెట్టకండి.

హైదరాబాదు నుంచి పనిచేసేవారికి సైట్ తెరుచుకోకపోవడం కూడా జరుగుతుంది, ఎందుకంటే కొన్ని దుకాణాలు అమెరికా బయటి సందర్శకులను నిరోధిస్తాయి. గూగుల్‌బాట్ సాధారణంగా అమెరికా ఐపీ చిరునామాల నుంచే వస్తుంది కాబట్టి, మీకు తెరుచుకోనంత మాత్రాన దానికీ తెరుచుకోదని అనుకోనక్కరలేదు. పైన చెప్పిన లైవ్ టెస్ట్‌నే నమ్మండి.

4. రకాన్ని ఎంచుకోండి

మార్కప్‌లో వాడే రకాల, ప్రాపర్టీల (ఒక్కో వివరానికి ఇచ్చే పేర్ల) జాబితా స్కీమా డాట్ ఆర్గ్‌లో ఉంటుంది. అందులో గంజాయి దుకాణానికంటూ ప్రత్యేక రకం లేదు. దానితో చాలామంది ఫార్మసీ అనో, మెడికల్ బిజినెస్ అనో రాస్తున్నారు. ఇది సరికాదు. అమెరికాలో ఫార్మసీ అంటే ఫార్మసీ లైసెన్సుతో నడిచేది. మీ దుకాణం లైసెన్సు అది కాదు. వైద్య సిఫార్సు ఉన్నవారికి అమ్మే అనుమతి ఉన్నా ఈ విషయం మారదు. లేని హోదాను కోడ్‌లో చెప్పుకోవడం తప్పుడు సమాచారమే.

నా సలహా: లోకల్ బిజినెస్ కింద ఉన్న స్టోర్ రకం వాడండి. మరింత స్పష్టత కోసం అడిషనల్‌టైప్ ప్రాపర్టీలో గంజాయి దుకాణాల గురించి వికీపీడియాలో గాని వికీడేటాలో గాని ఉన్న పేజీ లింకు ఇవ్వవచ్చు.

సీ9 లైసెన్సుతో డెలివరీ మాత్రమే చేసే వ్యాపారాల సంగతి వేరు. వాటి ప్రాంగణంలోకి ప్రజలను అనుమతించరు. ప్రజలు రాకూడని వీధి చిరునామాను స్టోర్ రకంతో ప్రకటిస్తే జనం అక్కడికి వస్తారు. అలాంటివారు ఆర్గనైజేషన్ రకం వాడి, ఏరియాసర్వ్డ్‌లో డెలివరీ నగరాలు ఇచ్చి, గూగుల్ ప్రొఫైల్‌లో చిరునామా దాచిన సర్వీస్ ఏరియా వ్యాపారంగా నమోదు చేసుకోవడం మంచిది. కింది దశలు సీ10 లైసెన్సు ఉన్న, జనం నడిచివచ్చే దుకాణాల కోసం.

5. కోడ్ రాసే క్రమం

గూగుల్ సిఫార్సు చేసే పద్ధతి జేసన్-ఎల్‌డీ. పేజీలోని పాఠ్యంతో కలవకుండా ఒక స్క్రిప్ట్ ట్యాగ్‌లో విడిగా ఉంటుంది కనుక సవరించడమూ తేలిక. ఇక్కడ తెలుగు లిపిలో చెప్పిన ప్రాపర్టీ పేర్లను కోడ్‌లో స్కీమా డాట్ ఆర్గ్‌లో ఉన్నట్టే, ఇంగ్లిష్ అక్షరాల్లో, పెద్ద చిన్న అక్షరాల తేడా తప్పకుండా రాయాలి.

క్రమం ఇది.

మొదట ఐడీ. దుకాణం పేజీ పూర్తి చిరునామా రాసి, చివర హ్యాష్ గుర్తు పెట్టి, స్టోర్ అన్న మాట చేర్చండి. సైట్‌లో ఈ దుకాణం ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఈ ఐడీనే వాడాలి. సైట్ డిజైన్ మారినా దీన్ని మార్చకండి.

తరువాత నేమ్, అడ్రస్. గూగుల్ తప్పనిసరి అనేవి ఈ రెండే. చిరునామాను ఒకే వాక్యంగా కాక పోస్టల్‌అడ్రస్ రకంతో వీధి, నగరం, రాష్ట్రం, జిప్ కోడ్, దేశం అని విడివిడిగా ఇవ్వండి. రాష్ట్రానికి రెండక్షరాల సంకేతం, దేశానికి కూడా రెండక్షరాల సంకేతం. చట్టబద్ధమైన పేరు వేరైతే దాన్ని లీగల్‌నేమ్‌లో పెట్టండి, నేమ్‌లో బోర్డు పేరే ఉండాలి.

తరువాత జియో. అక్షాంశం, రేఖాంశం దశాంశ బిందువు తరువాత కనీసం 5 అంకెలతో ఉండాలని గూగుల్ అడుగుతుంది. ఇక్కడ మనవారు తరచూ చేసే పొరపాటు ఒకటి ఉంది. హైదరాబాదు రేఖాంశం 78.48, ముందు ఏ గుర్తూ అక్కరలేదు. ఆ అలవాటుతో ఓక్లాండ్ రేఖాంశాన్ని కూడా 122.27 అని రాస్తారు. పశ్చిమార్ధగోళంలో రేఖాంశం ముందు రుణ గుర్తు తప్పనిసరి. అది లేకపోతే మీ దుకాణం చైనా తీరం దగ్గరి సముద్రంలో తేలుతుంది. కోడ్‌లోని రెండు సంఖ్యలనూ గూగుల్ మ్యాప్స్‌లో అతికించి, సూది సరిగ్గా దుకాణం పైకప్పు మీద పడుతున్నదో లేదో చూడండి.

ఆపైన టెలిఫోన్, యూఆర్ఎల్, ఇమేజ్, ప్రైస్‌రేంజ్. ఫోన్ నంబరు కూడిక గుర్తు, 1, ఏరియా కోడ్‌తో మొదలవ్వాలి. యూఆర్ఎల్ ఆ దుకాణం పేజీదే కావాలి, హోమ్ పేజీది కాదు. ప్రైస్‌రేంజ్‌లో రెండు డాలర్ గుర్తులు చాలు. 100 అక్షరాలు దాటితే గూగుల్ దాన్ని చూపదు.

చివర హ్యాజ్‌మ్యాప్, సేమ్‌యాజ్. మొదటిదానిలో గూగుల్ మ్యాప్స్ లింకు, రెండోదానిలో ఇదే దుకాణానికి చెందిన వీడ్‌మ్యాప్స్, లీఫ్‌లీ, ఇన్‌స్టాగ్రామ్ పేజీల లింకులు. సేమ్‌యాజ్‌లో దుకాణం గురించి రాసిన వార్తలు, బ్రాండ్ల సైట్లు పెట్టకూడదు. ఆ లింకు తెరిస్తే ఈ దుకాణమే కనబడాలి.

డిస్క్రిప్షన్ రాసేటప్పుడు జాగ్రత్త. నొప్పులు తగ్గుతాయి, నిద్ర పడుతుంది వంటి మాటలు వద్దు. నిజం కాని, తప్పుదారి పట్టించే ఆరోగ్య ప్రకటనలను కాలిఫోర్నియా చట్టం నిషేధిస్తుంది, కోడ్‌లో ఉన్నా అది ప్రచార పాఠ్యమే. ఎక్కడుంది, ఎవరికి అమ్ముతుంది, పికప్, డెలివరీ ఉన్నాయా అన్న రెండు వాక్యాలు చాలు.

6. పని వేళలు

రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం తెరిచే ఉందా అని ఫోన్‌లో చూసుకుని బయలుదేరే మనిషికి ఈ భాగమే అవసరం. అందుకే దీనికి విడిగా సమయం పెట్టండి.

ఓపెనింగ్‌అవర్స్‌స్పెసిఫికేషన్‌లో రోజు, తెరిచే వేళ, మూసే వేళ ఇవ్వాలి. వేళలు 24 గంటల పద్ధతిలో ఉండాలి: 09:00, 22:00. రాత్రి 10 అని మాటల్లో రాస్తే అది చెల్లదు. ఒకే వేళలున్న రోజులను ఒకే సమూహంగా రాయవచ్చు.

కాలిఫోర్నియా నియమాల ప్రకారం దుకాణం ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్యనే గంజాయి అమ్మాలి, డెలివరీకి కూడా ఇదే పరిమితి. నగరం ఇంకా తక్కువ వేళలు విధించి ఉండవచ్చు. మార్కప్‌లో 22:00 దాటిన సంఖ్య కనిపిస్తే అది టైపింగ్ పొరపాటో, టెంప్లేట్ నుంచి వచ్చినదో అయి ఉంటుంది. వెంటనే సరిచేయండి, ఎందుకంటే అలాంటి ప్రకటన లైసెన్సుదారుకు ఇబ్బంది తెస్తుంది.

పండుగ వేళలకు వ్యాలిడ్‌ఫ్రమ్, వ్యాలిడ్‌త్రూ అనే రెండు తేదీలతో వేరే నమోదు చేర్చాలి. ఉదాహరణకు 2026 థాంక్స్‌గివింగ్ రోజున మూసివేస్తే, రెండు తేదీలూ 2026-11-26 అని, తెరిచే వేళ, మూసే వేళ రెండూ 00:00 అని రాయండి. తేదీ క్రమం సంవత్సరం, నెల, రోజు; మన అలవాటు ప్రకారం రోజుతో మొదలుపెట్టకూడదు. గంజాయి వాడేవారు వేడుకగా జరుపుకునే ఏప్రిల్ 20 ఈ వ్యాపారంలో రద్దీ రోజు, వేళలు మార్చే దుకాణాలు ముందు వారమే ఈ నమోదు పూర్తిచేసి, గూగుల్ ప్రొఫైల్‌లోని ప్రత్యేక వేళలను కూడా అదే రోజు మార్చుకోవాలి.

7. లైసెన్సు సంఖ్య, వయసు, డెలివరీ

కాలిఫోర్నియాలో ప్రతి ప్రకటనలోనూ లైసెన్సు సంఖ్య స్పష్టంగా కనబడాలి. అది పేజీ అడుగుభాగంలో మనుషులకు కనబడేలా ఉండాలి, మార్కప్‌లో కూడా ఉండాలి. ఇందుకు ఐడెంటిఫయర్ ప్రాపర్టీ కింద ప్రాపర్టీవాల్యూ రకం పెట్టి, నేమ్‌లో ఆ సంఖ్య దేనిదో, వాల్యూలో సీ10తో మొదలయ్యే పూర్తి సంఖ్య రాయండి. దీనివల్ల సెర్చ్ ఫలితంలో ప్రత్యేకంగా ఏమీ కనబడదు. అయినా దగ్గరి పేర్లున్న దుకాణాలను, లైసెన్సు లేకుండా నడిచేవాటిని వేరుచేసి చెప్పగల వివరం ఇదే కనుక దీన్ని వదలకూడదు.

వయోపరిమితిని ఆడియన్స్ ప్రాపర్టీతో స్టోర్‌కు తగిలించడం చాలా కోడ్‌లలో చూస్తాం. స్కీమా డాట్ ఆర్గ్‌లో ఆడియన్స్ లోకల్ బిజినెస్‌కు చెందదు. కోడ్‌ను పరీక్షించే వ్యాలిడేటర్ హెచ్చరిక చూపుతుంది. రాయాలనుకుంటే దాన్ని ఆ పేజీ తాలూకు వెబ్‌పేజ్ రకానికి చేర్చి, పీపుల్‌ఆడియన్స్‌లో కనీస వయసు 21 అని ఇవ్వండి. వైద్య సిఫార్సు ఉన్న 18 ఏళ్లు దాటినవారికి కూడా అమ్మే దుకాణమైతే ఆ తేడాను పేజీ పాఠ్యంలో వాక్యంగా వివరించడమే మేలు.

డెలివరీ ఉంటే ఏరియాసర్వ్డ్‌లో నగరాల పేర్లు ఇవ్వండి. ఓక్లాండ్, బర్క్‌లీ, ఎమరీవిల్, అలమేడాలకు వెళితే ఆ నాలుగే రాయాలి. బే ఏరియా మొత్తం అని రాయడం వల్ల శాన్ హోసేలో ఎవరికీ మీరు కనబడరు.

8. హోమ్ పేజీ, శాఖలు

హోమ్ పేజీలో వెబ్‌సైట్, ఆర్గనైజేషన్ రకాలు పెట్టండి: మొదటిది సైట్ పేరు కోసం, రెండోది లోగో, సంస్థ గుర్తింపు కోసం. లోపలి పేజీలకు బ్రెడ్‌క్రంబ్‌లిస్ట్ (ఆ పేజీ సైట్‌లో ఎక్కడుందో చూపే వరుస) చాలు.

శాఖలు ఒకటి కంటే ఎక్కువైతే ప్రతి శాఖకు సొంత పేజీ, సొంత ఐడీ, సొంత ఫోన్ నంబరు, సొంత లైసెన్సు సంఖ్య ఉండాలి. ప్రతి శాఖ స్టోర్ మార్కప్‌లో పేరెంట్‌ఆర్గనైజేషన్ ద్వారా హోమ్ పేజీలోని సంస్థ ఐడీని చూపండి. అన్ని శాఖల మార్కప్‌నూ ప్రతి పేజీ అడుగున అతికించవద్దు. ఏ పేజీ ఏ దుకాణానిదో అప్పుడు తేలదు. గూగుల్ ప్రొఫైల్‌లోని వెబ్‌సైట్ లింకు కూడా ఆ శాఖ పేజీకే వెళ్లాలి.

9. పెట్టడం, పరీక్షించడం

కోడ్‌ను సర్వర్ పంపే హెచ్‌టీఎమ్ఎల్‌లోనే ఉంచండి. ట్యాగ్ మేనేజర్ ద్వారా చేర్చినా గూగుల్ చదవగలదు గాని, జావాస్క్రిప్ట్ నడపని ఇతర క్రాలర్లకు అది కనబడదు. వర్డ్‌ప్రెస్ సైటైతే యోస్ట్, ర్యాంక్ మ్యాత్ వంటి ప్లగిన్లు ముందే ఒక ఆర్గనైజేషన్ మార్కప్‌ను వేసి ఉంటాయి, థీమ్ ఇంకొకటి వేసి ఉండవచ్చు. మీది చేర్చే ముందు పేజీ సోర్స్ తెరిచి ఉన్నవి లెక్కపెట్టండి. అవసరం లేనివి ఆపివేయండి.

తరువాత ఈ క్రమంలో పరీక్షించండి.

☐ స్కీమా మార్కప్ వ్యాలిడేటర్‌లో కోడ్ అతికించి వ్యాకరణ దోషాలు చూడాలి
☐ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పేజీ చిరునామా ఇచ్చి, లోకల్ బిజినెస్ గుర్తించబడిందో లేదో చూడాలి
☐ ఒక్క దుకాణానికి ఒక్క స్టోర్ మాత్రమే కనబడుతోందా చూడాలి
☐ మార్కప్‌లోని ప్రతి వివరం పేజీలో మనిషికి కనబడుతోందా సరిచూడాలి
☐ సన్నాహ పత్రంతో పేరు, చిరునామా, ఫోన్ అక్షరం అక్షరం పోల్చాలి
☐ సెర్చ్ కన్సోల్‌లో లైవ్ టెస్ట్ నడిపి, ఇండెక్సింగ్ కోసం అభ్యర్థించాలి

నాలుగో అంశం నియమం కూడా. పేజీలో కనబడని సమాచారాన్ని మార్కప్‌లో ఇస్తే గూగుల్ మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది పరిశీలించి విధించే చర్య) తీసుకోవచ్చు. అప్పుడు ఆ పేజీ రిచ్ రిజల్ట్స్ (అదనపు వివరాలతో కనబడే ఫలితాలు) అర్హత కోల్పోతుంది, మామూలు ఫలితాల్లో స్థానం మాత్రం దానివల్ల మారదు.

10. తరచూ ఎదురయ్యే సమస్యలు, సవరణలు

వ్యాలిడేటర్ కోడ్‌నే చదవలేకపోతోంది. వర్డ్ నుంచో, వాట్సాప్ నుంచో కాపీ చేసిన వంపు కొటేషన్ గుర్తులు గాని, ఫ్లవర్ బ్రాకెట్ మూసే ముందు మిగిలిపోయిన కామా గాని కారణం కావచ్చు. సాదా టెక్స్ట్ ఎడిటర్‌లో తిరిగి టైప్ చేయండి.

కోడ్ అతికిస్తే సరిగా ఉంది, పేజీ చిరునామా ఇస్తే ఏమీ దొరకడం లేదు. ఏజ్ గేట్ గాని, భద్రతా ఫైర్‌వాల్ గాని పరీక్ష సాధనాన్ని ఆపుతోంది. మూడో దశకు తిరిగి వెళ్లండి.

రెండు వేర్వేరు ఫోన్ నంబర్లు వస్తున్నాయి. కాల్ ట్రాకింగ్ స్క్రిప్టు పేజీలోని నంబరును మారుస్తోంది. మార్కప్‌లోనూ, పేజీ అడుగుభాగంలోనూ అసలు నంబరు మారకుండా మినహాయింపు పెట్టించండి.

సెర్చ్‌లో పాత వేళలు కనబడుతున్నాయి. ముందు గూగుల్ ప్రొఫైల్ చూడండి. మ్యాప్ ఫలితంలో వచ్చే వేళలకు ప్రధాన ఆధారం అదే. తరువాత మార్కప్, ఆపైన పేజీ పాఠ్యం, చివరగా డైరెక్టరీలు సరిచూడండి.

సిఫార్సు చేసిన ఫీల్డు లేదన్న హెచ్చరికలు వస్తున్నాయి. ఇవి దోషాలు కావు. హెచ్చరికను పోగొట్టడం కోసం లేని రేటింగును కల్పించి రాయడం మాత్రం పెద్ద తప్పు.

11. ప్రచురించిన తరువాత

గూగుల్ పేజీని మళ్లీ చదవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. హైదరాబాదులో కూర్చుని సెర్చ్ చేసి చూస్తే ఓక్లాండ్ మనిషికి కనబడేది మీకు కనబడదు, వీపీఎన్ పెట్టినా దుకాణం వీధి వరకు దూరం అందులో తేలదు. సెర్చ్ కన్సోల్‌లో దుకాణం పేజీని వడకట్టి, అది ఏయే వెతుకులాటలకు కనబడిందో చూడండి. గూగుల్ ప్రొఫైల్‌లో ఫోన్ కాల్స్, దారి అడిగినవారు, సైట్ నొక్కినవారి సంఖ్యలు చూడండి. ప్రొఫైల్‌లోని సైట్ లింకుకు యూటీఎమ్ గుర్తు (సందర్శకులు ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేందుకు లింకు చివర చేర్చే మాటలు) తగిలిస్తే అక్కడి నుంచి వచ్చినవారిని విడిగా లెక్కించవచ్చు. మార్కప్‌లోని యూఆర్ఎల్‌కు మాత్రం ఆ గుర్తు చేర్చకండి.

మార్కప్ మార్చిన నెలలోనే ప్రొఫైల్ వర్గం, ఫోటోలు, సమీక్షల సేకరణ కూడా మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పు తేదీని సన్నాహ పత్రంలోనే ఒక వరుసలో రాసుకోండి.

నిర్వహణకు క్యాలెండరులో పెట్టుకోవలసినవి ఇవి.

☐ నెలకోసారి: వేళలు, ఫోన్, సేమ్‌యాజ్ లింకులు పనిచేస్తున్నాయా
☐ ప్రతి సెలవుకు వారం ముందు: ప్రత్యేక వేళలు, సెలవు ముగిశాక వాటి తొలగింపు
☐ ప్లగిన్, థీమ్, మెనూ సేవ మారినప్పుడు: తొమ్మిదో దశలోని పరీక్షలన్నీ
☐ ఏడాదికోసారి: లైసెన్సు 12 నెలలకు ఇస్తారు కనుక, పునరుద్ధరణ పూర్తయిందా, సంఖ్య మారిందా

దుకాణం స్థలం మారితే పాత ఐడీని ఉంచి చిరునామా, జియో మాత్రమే మార్చండి. ప్రొఫైల్‌ను, డైరెక్టరీలను అదే రోజు మార్చండి. కొత్త చిరునామాకు లైసెన్సు సంఖ్య మారి ఉంటే ఐడెంటిఫయర్, పేజీ అడుగుభాగం రెండూ కలిపి సరిచేయండి. ఒక శాఖ శాశ్వతంగా మూతపడితే ఆ పేజీలోని స్టోర్ మార్కప్ తీసివేసి, ప్రొఫైల్‌లో శాశ్వతంగా మూసివేసినట్టు గుర్తు పెట్టి, పేజీలో దగ్గరలోని శాఖకు దారి చూపండి.